ఏడో కొక్కెం

నేను ఒక మూతను. ఇంతేనా అని పెదవి విరవకండి. నేతి సీసా మూతను కాను, మందు సీసా మూతను అంతకన్నా కాను. చంద్రుడి దగ్గరికి వెళ్ళే మనుషులు కూర్చునే గది ఒకటి రాకెట్టు నెత్తిన ఉంటుంది చూడండి, దాని ముక్కుకు మూతను. ఆ గదిలో గాలి ఎక్కువైతే బయటికి వదలడానికి పక్క గోడకు టీ గ్లాసు మూతి అంత కన్నం ఉంటుంది. నేల మీద ఉన్నన్నాళ్ళూ అందులోకి ఇసుక, ఉప్పుగాలి, కందిరీగ దూరకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. ఎగిరే ముందు నన్ను తీసేస్తారు. తీయాలి. పైకి పోయేకొద్దీ బయట గాలి పలచబడిపోతుంది, లోపలి గాలి దారి వెతుక్కుంటుంది. ఆ దారికి అడ్డంగా నేను కూర్చుంటే గది గోడ పగులుతుంది. లోపల ముగ్గురు మనుషులుంటారు.

అంటే నా ఉద్యోగంలో అన్నిటికంటే ముఖ్యమైన పని, సమయానికి పని మానేయడం. ఇలాంటి ఉద్యోగం మీలో ఎవరికైనా ఉంటే చేతులెత్తండి.

నేను చెప్పే రోజులు మీ క్యాలెండరులో ఇంకా రాలేదంటారా? అది క్యాలెండరు బద్ధకం, నా తప్పు కాదు. కొమరదిన్నె అనే ఊరు మీ పటంలో లేదంటారా? పటం గీసినవాడు మధ్యాహ్నం నిద్రపోయి ఉంటాడు. నేను ఒకటికి పది కలిపి చెబుతానని నా పక్క కొక్కేలకు వేలాడే మూతలు నా మీద చాడీలు చెబుతాయి. నిజమే, కలుపుతాను. కలిపినచోట నేనే తీసేసి ఇస్తాను, మీకు శ్రమ లేకుండా.

నేను పుట్టింది నెల్లూరు ఆటోనగర్‌లో, మస్తాన్‌వలీ లేత్ షెడ్డులో. ఒక పక్క లారీ స్ప్రింగు పట్టీలు సాగగొట్టే సమ్మెట చప్పుడు, ఇంకో పక్క వెల్డింగు నిప్పురవ్వలు. నన్ను చెక్కినప్పుడు రాలిన అల్యూమినియం పొట్టు మూడు బస్తాలు. సరే, మూడు దోసిళ్ళు. మస్తాన్‌వలీ నన్ను పదకొండుసార్లు కొలిచాడు. చూస్తూ నిలబడ్డ పక్క షెడ్డు మెకానిక్కు ఉండబట్టలేదు.

“ఇంత కొలతేందన్నా? ఇది చంద్రుడి మీద దిగేదా?”

“కాదబ్బయా. పైకి పొయ్యేముందు పీకేసేది.”

“పీకి పారేసేదానికా ఇన్ని తిప్పలు?”

“పీకిందాకా ఊడకూడదు. పీకితే రాకుండా ఉండకూడదు. నువ్వు చేసిపెట్టు అట్టాంటిది ఒకటి, చూస్తా.”

తరువాత నా మెడకు జానెడు ఎర్ర పట్టీ తగిలించారు. దాని మీద తెల్లటి అక్షరాలు, మూడు భాషల్లో: ఎగిరేముందు తీసేయండి. పుట్టిననాడే మెడలో ఇలాంటి మాట వేయించుకున్న బిడ్డ మనసు ఎలా ఉంటుందో కాస్త ఆలోచించండి.

కొమరదిన్నె సముద్రానికీ, ఉప్పునీరు నిలిచే ఉప్పుకయ్యకూ మధ్య ఉన్న ఇసుక లంక. అక్కడి ప్రయోగ కేంద్రంలో నాలాంటి మూతలు పన్నెండు. మా అందరికీ ఒకే చెక్క బోర్డు, దానికి పన్నెండు కొక్కేలు, కొక్కేనికో అంకె. ప్రయోగం రోజున ఒక్కో మూత తీయడం, అంకె పైకి చదవడం, దాని కొక్కేనికి తగిలించడం. పన్నెండూ తగిలించాక కంట్రోలు రూముకు “బోర్డు నిండింది” అని కబురు పోతుంది. ఆ మాట వినకుండా రాకెట్టుకు నిప్పు పెట్టరు. మిగతా పదకొండూ ఇంధనం గొట్టాలకూ కొలత పరికరాలకూ పెట్టే మూతలు. మనుషులు ఊపిరి పీల్చే గదికి పెట్టేదాన్ని నేనొక్కదాన్నే. నా అంకె ఏడు.

మమ్మల్ని తీసే చేతులు పెంచలయ్యవి. ముప్పైనాలుగేళ్ళుగా అదే పని. ఎండిన చేపలాంటి మనిషి, మాట మాత్రం తడిగా ఉంటుంది. ఆయన పక్కన నిలబడి అంకెకు టిక్కు పెట్టే మనిషి చెంగమ్మ. నలభై లోపు వయసు, ఎవరినీ ఊరికే వదలని నోరు. ఈ ఇద్దరూ చాలరని కేంద్రంవాళ్ళు బోర్డు ఎదురుగా ఒక యంత్రం కన్ను కూడా పెట్టారు. అది దానికదే నేర్చుకుంటుందట, ఆలోచిస్తుందట. బోర్డును చూసి ఆడగొంతుతో “పన్నెండు మూతలు గుర్తించబడినవి. సరి” అంటుంది. ఎప్పుడూ లెక్కే కాబట్టి పెంచలయ్య దానికి కరణం అని పేరు పెట్టాడు.

ఏటా ఆయుధపూజకు చెంగమ్మ మాకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టేది. మొదటి ఏడాదే నాణ్యత చూసే ఆఫీసరు ఎగిరి పడ్డాడు. ఒక్క కుంకుమ రేణువు లోపల పడితే ఏమవుతుందో తెలుసా అని అరగంట చదివాడు. చెంగమ్మ తలవంచుకుని విన్నది. మరుసటి ఏడు లోహాన్ని ముట్టుకోలేదు. ఎర్ర పట్టీ కొసన ముడి ఉంటుంది, ఆ ముడి లోపలి మడతలో తడివేలితో అద్దింది. ఎర్ర గుడ్డ మీద కుంకుమ కనపడదు, మడతలోని పసుపు మాత్రం దగ్గరగా చూస్తే కనపడుతుంది. ఆఫీసరు దగ్గరగా చూడలేదు. కరణానికి పసుపంటే ఏమిటో ఎవరూ నేర్పలేదు.

ఇక నా కోరిక సంగతి. నాకు పైకి పోవాలని ఉండేది. ఎనిమిది రాకెట్లు ఎగరడం బోర్డు మీద వేలాడుతూ చూశాను. ఎనిమిదీ మనుషులు లేని ఖాళీ గదులు. రెండోదాంతో నేనూ వెళ్ళి చంద్రుడి వెనకవైపు గుండ్రంగా తిరిగి వచ్చానని, అక్కడ చల్లటి నీడ ఉందని ఐదో మూతకు చెప్పాను. అది నమ్మింది. నేనూ కొన్నాళ్ళు నమ్మాను.

పెంచలయ్యకూ ఒక కోరిక ఉండేది. తొమ్మిదో రాకెట్టులో మొదటిసారి మనుషులు వెళుతున్నారు. అది ఎగిరిన పంతొమ్మిది రోజులకు ఆయన రిటైర్మెంటు. మనుషులతో వెళ్ళే మొదటి రాకెట్టు నుంచి తన చేత్తో తీసిన ఏడో మూతను ఇంట్లో పెట్టుకోవాలని ఆయన ఆశ. గేటు దాటి మేకు కూడా బయటికి పోకూడదని అక్కడి రూలు. అందుకని ఆయన మస్తాన్‌వలీ దగ్గరికి పోయి, నాకు అచ్చం కవలను చేయించాడు. పట్టీతో సహా. అసలుది తన జేబులోకి, నకలు కొక్కేనికి. ముప్పైనాలుగేళ్ళు ఒక్క నట్టు కూడా ఎత్తుకుపోని మనిషికి దొంగతనంలో అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? చెంగమ్మ పక్కనే ఉండగా ఒక మూత జేబులో పెట్టి ఇంకో మూత తీయడం తనవల్ల కాదనుకున్నాడు. అందుకని ఆ ఉదయం టవరు ఎక్కకముందే, ఎవరూ లేనప్పుడు, నా కొక్కేనికి నా కవలను తగిలించేశాడు. బోర్డును పైకి మోసేది ఆయనే, చెంగమ్మ కళ్ళు టిక్కుల కాగితం మీదే ఉంటాయి. పైన నన్ను తీసి జేబులో వేసుకోవడమే మిగిలిందన్నమాట.

మాఘమాసం. ఉప్పుకయ్యలో కొంగలు దిగి ఉన్నాయి. ఉదయం తొమ్మిదీ నలభైకి ముహూర్తం. అది దాటితే ఇంకో గంటన్నర వరకే అవకాశం, ఆ తరువాత చంద్రుడు వీళ్ళకు అందే చోట ఉండడు, మళ్ళీ నెల ఆగాలి. ముగ్గురిలో ఇద్దరు మగవాళ్ళు ముందు ఎక్కారు. మూడో మనిషి డాక్టరు కాత్యాయని, పలాస పిల్ల. శిక్షణ రోజుల నుంచీ పెంచలయ్యను బాబాయ్ అంటుంది. అప్పటికి ఆయన ఆరు మూతలు తీశాడు. ఏడో అంకె దగ్గరికి, అంటే నా దగ్గరికి, చెయ్యి చాపాడు. ఆయన వేళ్ళు నా అంచుకు తగిలాయి కూడా.

సరిగ్గా అప్పుడు కాత్యాయని ఆయన కాళ్ళకు దండం పెడదామని వంగింది. ఆ తెల్ల సూటు సగం దాకా వంగి ఆగిపోయింది. పైకీ లేవలేదు, కిందికీ పోలేదు.

“ఏటి బాబాయ్ చూస్తున్నావు? లేపుతావా, ఇలాగే పంపేస్తావా?”

పెంచలయ్య, చెంగమ్మ ఇద్దరూ చెరో భుజం పట్టి నిలబెట్టారు. ముగ్గురూ నవ్వారు. “పోయిరా తల్లీ” అన్నాడాయన. పోయి అన్నప్పుడు బాగానే ఉన్నాడు, రా అన్నప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె లోపలికి పోయింది, తలుపు మూశారు. తలుపు చుట్టూ రబ్బరు సరిగా కూర్చుందా లేదా అని చెంగమ్మ చేత్తో తడుముతూ ఉండిపోయింది. పెంచలయ్య ముంజేత్తో కళ్ళు తుడుచుకుని ఎక్కడిదాకా వచ్చానా అని బోర్డు వైపు చూశాడు. ఏడో కొక్కేనికి మూత ఉంది.

“ఏడు?” అంది చెంగమ్మ వెనక్కి తిరగకుండానే.

“ఏడు అయింది” అని ఆయన ఎనిమిదోదాని దగ్గరికి జరిగాడు.

నన్ను మరిచిపోయారు! నా ఆనందం మీకు ఎలా చెప్పేది? లిఫ్టు కిందికి పోయింది, మనుషులు పోయారు, టవరుకూ గదికీ మధ్య వంతెన వెనక్కి జరిగింది. సముద్రం కనపడింది, సింహళం కనపడింది. సరే, సముద్రమే కనపడింది. ఎర్ర పట్టీ గాలికి రెపరెపలాడుతుంటే పెళ్ళికి బయలుదేరినట్టు కూర్చున్నాను. నాతో ముగ్గురు మనుషులు వస్తున్నారని కూడా అనుకోలేదు. వాళ్ళు నన్ను మోసుకుపోయే బోయీలనుకున్నాను.

కింద జరిగిన సంగతులు తరువాత ఒకే బల్ల మీద కలిసినప్పుడు నా కవల చెప్పింది. అది నా అంత కలపదు, కాబట్టి నమ్మవచ్చు.

ఆరు కిలోమీటర్ల దూరంలో కాంక్రీటు గది ఉంది. కిందికి తెచ్చిన బోర్డును అక్కడ గోడకు తగిలించారు. కరణం చూసింది. “పన్నెండు మూతలు గుర్తించబడినవి. సరి.” బోర్డు నిండిందని కబురు పోయింది. పెంచలయ్య టీ పోసుకున్నాడు. చెంగమ్మ ఊరికే కూర్చోలేక మా పట్టీలు సవరిస్తోంది, ముళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటోంది, పిల్లలకు జడలు చూసినట్టు. ఏడోదాని దగ్గర ఆగింది.

“అన్నా, దీనికి బొట్టేది?”

“చెరిగిపొయ్యుంటాది లేమ్మే.”

“మడత లోపల పెట్టింది ఎట్ట చెరుగుతాది? పసుపు మరకే లేదు. గుడ్డ కూడా కొత్తగా ఉండాది. ఇది మన ఏడోది కాదు.”

పెంచలయ్యకు మొదట తన దొంగతనం బయటపడిందన్న భయమే కలిగింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, అసలుదాన్ని తడిమి చూసుకుందామని. జేబులో చేతిరుమాలు ఉంది. అంతే ఉంది.

గడియారంలో నలభైఒక్క నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆ గదిలో గోడకు ఒక ఎర్ర ఫోను ఉంటుంది. ఎవరైనా సరే ఎత్తి “ఆపండి” అంటే చాలు, అంతా ఆగుతుంది. ఆగాకే ఎందుకని అడుగుతారు. అది అక్కడి పద్ధతి. ముప్పైనాలుగేళ్ళలో పెంచలయ్య దాన్ని దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోలేదు. నా కవల ఏమంటుందంటే, ఆయన ఫోను వైపు చూసి, బోర్డు వైపు చూసి, మళ్ళీ ఫోను వైపు చూశాడట. ఆ చూపుకు ఎంతసేపు పట్టిందని అడిగాను. టీ మీద మీగడ కట్టేంతసేపు అంది. అది కలపదని చెప్పానే, అయినా ఈ ఒక్కదాన్ని మాత్రం మీరు కొంచెం తగ్గించుకోండి. ఆయన లేచాడు.

“ఆపండి.”

అవతల ఉన్నది మిషన్ డైరెక్టరు రంగనాయకి గారు. ముందు గడియారాన్ని ఆపించి తరువాత అడిగారు.

“ఎవరు మాట్లాడేది?”

“పెంచలయ్యనమ్మా. ఏడోది ఇంకా పైననే ఉండాది.”

“బోర్డు నిండిందని మీరే కదా చెప్పింది? కెమెరా కూడా పన్నెండు అంది.”

“బోర్డు మీద ఉండేది దొంగదమ్మా. నేనే చేపిచ్చినా, నేనే తగిలించినా.”

“కారణం తరువాత రాసివ్వండి. తీసి రావడానికి ఎంతసేపు?”

“గంట లోపల.”

“ఇంధనం నింపిన రాకెట్టు అది. ఇద్దరికంటే ఎక్కువ పంపను. లిఫ్టు వాడకూడదు.”

“నేను పోతానమ్మా. రెండో మనిషి…”

“నేను పోతాండా” అంది చెంగమ్మ అప్పటికే హెల్మెట్టు పెట్టుకుంటూ.

వంతెనను మళ్ళీ గది దగ్గరికి జరిపారు. టవరుకు మెట్లు మూడు వేలు. మూడు వందలు. ఎండలో మంచు పొగ కక్కుతూ పక్కనే రాకెట్టు, బతికున్న జంతువులా బుసకొడుతోంది. సగం దూరంలో పెంచలయ్య మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

“రిటైరయ్యేదానికి గురుతు కావాల్నా నీకు?” అంది చెంగమ్మ. “ఈ మోకాళ్ళ నొప్పి ఎత్తుకపోరాదూ? గేటు కాడ ఎవురూ ఆపరు.”

“తిట్టు మే. తిడతా ఎక్కు. నిలబడి తిట్టబాక.”

ఇక్కడ పైన నా సంగతి. ఎందుకు ఆపారో లోపలివాళ్ళకు రేడియోలో చెప్పారు. గాలి కన్నానికి నేను చెవి ఆనించినట్టే ఉంటాను కదా, అంతా వినపడుతుంది. కమాండరు ఏ మూత అని అడిగాడు. చెప్పారు. అప్పటిదాకా వాళ్ళ కబుర్లు విన్నాను. చంద్రుడి వెనకవైపుకు పోయి ఏం చేస్తావని కమాండరు కాత్యాయనిని అడిగితే, “ఏమీ చెయ్యను సార్, చూస్తాను. మా అమ్మమ్మ అడిగింది, అక్కడ కూడా వెన్నెల ఉంటుందా అని” అనడం కూడా విన్నాను. ఇప్పుడు మాటలు లేవు. ముగ్గురి ఊపిరి మాత్రం వినపడుతోంది. ఒకరిది గబగబా, ఒకరిది నిదానంగా, మూడోది లెక్కపెట్టుకుంటున్నట్టు ఆగి ఆగి. ఆ ఊపిరి నా లోపలి అంచుకు తగిలేదని చెబుతాను, మధ్యలో ఒక కవాటం ఉంటుంది కాబట్టి మీరు నమ్మనవసరం లేదు. నా పట్టీ మీది మూడు భాషల మాట నా వీపు వెనక రెపరెపలాడుతోంది. పుట్టినప్పటినుంచి మోస్తున్నాను కానీ, దాన్ని మొదటిసారి నేనే చదువుకున్నాను.

త్వరగా రా పెంచలయ్యా అనుకున్నాను.

వచ్చాడు. ఒగరుస్తూనే నా అంచు పట్టుకున్నాడు. ఎడమకు పావు తిప్పు, కొంచెం లోపలికి నొక్కు, బయటికి లాగు. వచ్చేశాను. మస్తాన్‌వలీ కొలత పోలేదు. ఆయన గది గోడ మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. లోపలినుంచి మూడుసార్లు చప్పుడైంది.

“ఏడు” అన్నాడు.

“చూసినా” అంది చెంగమ్మ. టిక్కు పెట్టలేదు. వేలు పెట్టి కన్నం తడిమి, ఖాళీగా ఉందని తెలుసుకుని, అప్పుడు పెట్టింది.

ఆయన నన్ను ఆమెకు అందించాడు. “నువ్వే పట్టుకో. నా జేబును నమ్మబాక.”

అవకాశం మూసుకుపోవడానికి ఆరు నిమిషాలుందనగా రాకెట్టు లేచింది. ఆ చప్పుడుకు కొమరదిన్నెలో కొబ్బరికాయలన్నీ రాలాయి. రెండు రాలాయి. నేను చెంగమ్మ పిడికిట్లో ఉన్నాను, పట్టీ బయటికి వేలాడుతోంది. ఆ మెరుపు చిన్నదై, చుక్కై, నీలంలో కలిసేదాకా పెంచలయ్య తలెత్తి చూడలేదు. బోర్డునే చూస్తూ నిలబడ్డాడు. పన్నెండు అంకెలూ పెదాలతో చదువుకుంటున్నాడు.

విచారణకు ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. పెంచలయ్య తెలుగులో నాలుగు వాక్యాలు రాసిచ్చాడు. “మనుషులు పోయిన మొదటి రాకెట్టు మూత నా ఇంట్లో ఉండాలని ఆశపడినాను. అందుకని కొక్కేనికి అబద్ధం తగిలించినాను. ఇంకొకరు మోసపోతారనుకున్నాను గానీ నా చెయ్యే దాన్ని నమ్మింది. చెంగమ్మ చూడకపోతే నేను ముగ్గురిని చంపి ఉందును.” అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యేవాళ్ళు చివరిరోజున టవరెక్కి ఒక మూత తీస్తారు, కింద అందరూ చప్పట్లు కొడతారు. అది పెంచలయ్యకు ఇవ్వలేదు. మిగిలిన రోజులు టవరు దగ్గరికి పోకూడదన్నారు. గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేవాళ్ళకు పాసులు రాయమన్నారు. ఆయన పాసులు రాశాడు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి.

కరణానికి కొత్త చదువు చెప్పించారు. మా ఒక్కొక్కరి ఒంట్లో బియ్యపుగింజంత చిప్ పెట్టారు, నకలును అది ఇట్టే పట్టేస్తుంది. పాపం, దాన్ని నేనేమీ అనను. పన్నెండు ఎర్రవస్తువులు ఉన్నాయా అని అడిగారు, ఉన్నాయంది. చెంగమ్మ మాత్రం చిప్ పెట్టిన తరువాత కూడా బొట్లు మానలేదు.

తొమ్మిది రోజులకు ఆ ముగ్గురూ సముద్రంలో దిగారు. వారం తరువాత కాత్యాయని కేంద్రానికి వచ్చింది. గేటు దగ్గర కారు ఆపించి దిగింది.

“పాసు చూపించమ్మా” అన్నాడు పెంచలయ్య తలెత్తకుండానే.

“నా దగ్గర లేదు బాబాయ్. చంద్రుడి దగ్గర ఎవరూ అడగలేదు.”

తలెత్తి చూశాడు. ఆమె ఈసారి పూర్తిగా వంగగలిగింది. వంగింది కూడా. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. “నాకు పెట్టబాక తల్లీ. నేను…”

“ఎత్తింది నువ్వే కదా ఆ ఫోను” అందామె. శిక్షణ రోజుల్లోనే ఆమె చెప్పిన అమ్మమ్మ ప్రశ్నకు జవాబు తెచ్చావా అని ఆయనే అడిగాడు. వెనకవైపు వెన్నెల లేదట, ఇటువైపు తిరిగాక మాత్రం మన భూమే అక్కడ వెన్నెల కాస్తుందట.

ఇక నా కవల సంగతి వినండి, నా కడుపుమంట మీకే తెలుస్తుంది. విచారణ కాగితాలతోపాటు దాన్ని ఒక కవరులో వేసి సీలు వేశారు. ఏడాదిన్నరకు ఫైలు మూశారు. కాత్యాయని రెండోసారి వెళ్ళేటప్పుడు, సొంత సామాను కింద వాళ్ళకిచ్చే చిన్న సంచిలో పెట్టుకుంటానని కాగితం పెట్టి, దాన్ని తీసుకుపోయింది. ఒక్క కన్నానికి ఒక్కరోజైనా కాపలా కాయని మూత, దొంగ మూత, చంద్రుణ్ణి చుట్టి వచ్చింది. నేను ఐదో మూతకు చెప్పిన వెనకవైపు చల్లటి నీడను అది కళ్ళారా చూసి వచ్చింది. తిరిగొచ్చాక ఆమె దాన్ని పెంచలయ్య చేతిలో పెట్టింది. ఆయన బీరువాలో దాచుకున్నాడట. ఆయన భార్య రవణమ్మకు దాని ప్రయాణాల సంగతి పట్టలేదు. ఇంట్లో నేతి సీసాకు మూత లేదు, ఇది అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు అక్కడుంది. ఆయన రోజూ మధ్యాహ్నం తీస్తాడు, పెడతాడు.

నన్ను మళ్ళీ రాకెట్టు ఎక్కించలేదు. కొత్తగా వచ్చేవాళ్ళకు పని నేర్పే గదిలో పాత బోర్డు మీద, నా కొక్కేనికే, వేలాడుతున్నాను. చెంగమ్మ ఇప్పుడు అక్కడ పాఠం చెబుతుంది. నన్ను తీసి ఒక్కొక్కరి చేతికీ ఇస్తుంది. “బోర్డును చూసి అంకె చెప్పబాకండి. కన్నాన్ని చూసి చెప్పండి” అంటుంది. చంద్రుడి మీద ఊరు కట్టబోతున్నారని, అంగారకుడికి పోవడానికి తొమ్మిది నెలలు పడుతుందని వాళ్ళు మాట్లాడుకుంటుంటే వింటూ ఉంటాను. పోనివ్వండి. నేను నాలుగుసార్లు పోయొచ్చాను. ఒక్కసారి కూడా పోలేదు.

మొన్న ఆయుధపూజకు పెంచలయ్యను పిలిచారు. ఐదేళ్ళ తరువాత గేటు లోపలికి రావడం అదే. పాసు రాయించుకుని వచ్చాడు. చెంగమ్మ కుంకుమ పళ్ళెం ఆయన చేతికిచ్చి, “నువ్వు పెట్టన్నా” అంది. ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ముళ్ళు విప్పి, మడతలో అద్ది, మళ్ళీ ముడివేస్తున్నాడు. వేళ్ళకు నెయ్యి వాసన. నా దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. పట్టీ తిప్పి లోపలి మడతలో పాత పసుపు మరక చూశాడు. బొటనవేలితో నా అంచు చుట్టూ ఒకసారి తడిమాడు.

“ఉండావా?” అన్నాడు, పక్కవాళ్ళకు వినపడకుండా.

ఉండాను పెంచలయ్యా. కిందనే ఉండాను.